ఇరవై మూడు మడతలు

ఊరక రారు మహానుభావులని సామెత. ఎర్రకోటు ఆవిడ మూడోసారి షెడ్డులో అడుగుపెట్టినప్పుడు పెద్దక్కకు ఆ సామెత మూడోసారి గుర్తొచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ అందరి చేతులూ పట్టుకుని ఊపింది. సబ్బునీళ్ళలో నాని తొక్కలు లేచిన చేతులు పట్టుకుని ఊపడానికి సముద్రం దాటి ఎవరైనా వస్తారా? రెండోసారి వచ్చి, దుప్పట్లు ఉడికే డ్రమ్ముల పక్కన ఆవిరిలో గంటసేపు నిలబడి, ఒక్కొక్కరినీ ఎన్ని గంటలకు లేస్తారు, ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుంది అని అడిగి రాసుకుంది. ఇంట్లో ఎవరి మాట నెగ్గితే ఈవిడకేం? పెద్దక్క మాత్రం "మా ఇంట్లో కుక్కర్ మాట నెగ్గుతుంది, అది అరిస్తే అందరం లేస్తాం" అని చెప్పి తప్పించుకుంది.

ఆ షెడ్డులో ఇరవై మూడు మంది ఆడవాళ్ళు. మూడు ఆసుపత్రుల దుప్పట్లు, రెండు హోటళ్ళ దిండు గలేబులు వాళ్ళ చేతుల మీదుగానే తెల్లబడాలి. పంతొమ్మిదేళ్ళ కిందట నాలుగు తొట్లతో దాన్ని మొదలుపెట్టింది పెద్దక్క. వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా ఆవిడను పెద్దక్క అనే పిలుస్తారు. ఆవిడకు అందరూ ఇష్టమే, ఎవరి మీదా నమ్మకం లేదు. ఒకసారి ఆసుపత్రి నుంచి మరకలు పోని దుప్పట్లు వెనక్కి వచ్చాయి. ఎవరు ఉతికారే అంటే ఒక్క నోరూ లేవలేదు. ఆ రోజే ఆవిడ నియమం పెట్టింది. ఎవరి మడత వాళ్ళదే, ఒకరి మడత ఇంకొకరు పెట్టకూడదు. గుర్తు కోసం కుట్టిన దారప్పోగైనా ఊడిపోతుందేమో కానీ, పదకొండేళ్ళుగా రోజుకు రెండు వందల సార్లు పెట్టిన మడత చేతిని వదలదు. అప్పటినుంచి దుప్పటిని చూస్తే మనిషి తెలిసిపోతుంది.

అసలు విషయం ఏమిటంటే, మూడు దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయట. ఊరిని నడిపే చోట, వ్యాపారాన్ని నడిపే చోట ఆడవాళ్ళు కూర్చోవాలని. ఈ నగరం కూడా సంతకం పెట్టింది, దాన్ని అమలు చేయించడానికే ఎర్రకోటు ఆవిడ వచ్చింది. నగర వ్యాపార మండలిలో తొమ్మిది కుర్చీలుంటే తొమ్మిదింటిలోనూ మగవాళ్ళే. ఇప్పుడు పదో కుర్చీ వేస్తున్నారు. అది ఈ షెడ్డులో ఒకరికి ఇస్తామన్నారు. ఎన్నికైన ఆవిడ ముందు ఆరు వారాలు మిగతా రెండు దేశాలూ తిరిగి, అక్కడ అలాంటి కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర పని చూసి వస్తుంది. ఆ తరువాతి నెలలోనే ఆసుపత్రుల దుప్పట్లు ఈ షెడ్డుకే ఉంచాలా, మెషీన్ల కంపెనీకి ఇవ్వాలా అన్నది మండలి తేలుస్తుంది. అంటే ఆ కుర్చీలో కూర్చునేది ఇరవై మూడు ఇళ్ళ పొయ్యి మీద చేయి వేసి కూర్చున్నట్టే.

పెద్దక్కకు ఆ కుర్చీ కావాలి. దాచడమెందుకు, చాలా కావాలి. ఆ మండలి మెట్ల మీద అర్జీ పట్టుకుని ఆవిడ నిలబడ్డ గంటలన్నీ కూడితే ఏడాది దాటుతుంది. లోపలికి పిలిచినప్పుడు కూడా "నిలబడే చెప్పమ్మా, టైం లేదు" అనేవారు.

అయితే ఎర్రకోటు ఆవిడ ఒక షరతు పెట్టింది. ఎన్నిక రహస్య ఓటుతోనే జరగాలి.

"చేతులెత్తితే సరిపోదా? ఎప్పుడూ అలాగే చేస్తాం మేము," అంది పెద్దక్క.

పక్కనున్న దుబాసీ ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. ఈ దుబాసీకి షెడ్డులో పెట్టిన పేరు కళ్ళజోడు. ఎర్రకోటు ఆవిడ చేతులు తిప్పుతూ ఐదు నిమిషాలు మాట్లాడింది. కళ్ళజోడు మొత్తం విని, "రహస్యంగానే ఉండాలంటున్నారండీ," అంది.

ఐదు నిమిషాల మాటలకు ఇంతేనా? మిగతాదంతా ఎటు పోయింది? పెద్దక్క కళ్ళజోడు మొహంలోకి చూసింది. ఆ అమ్మాయి పాపం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాల మీద ఆవిరి పట్టిందని ఎవరైనా అనుకుంటారు. పెద్దక్క అలా అనుకోలేదు.

ఎవరు నిలబడతారని అడిగారు. "ఇంకెవరు, పెద్దక్కే" అన్నారు తొట్ల దగ్గరివాళ్ళు. అంతా అయిపోయిందనుకుని పెద్దక్క కొంగు దులుపుకుంటుంటే, ఇస్త్రీ బల్లల వైపు నుంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది.

అది మరదలి చెయ్యి. పెద్దక్క సొంత తమ్ముడి భార్య. పద్నాలుగేళ్ళుగా ఎదురు మాట అనని మనిషి, నోట్లో నాలుక లేదని అత్తగారు పోయేదాకా చెప్పుకున్న మనిషి. నాలుక లేకపోతేనేం, చెయ్యి ఉందిగా.

"నేను కూడా నిలబడతా వదినా," అంది మరదలు. "మీకు అభ్యంతరమైతే మానేస్తా."

నలుగురిలో అలా అడిగితే అభ్యంతరమని ఎవరు చెప్పగలరు? "నాకేం అభ్యంతరం, నిక్షేపంగా నిలబడు," అంది పెద్దక్క నవ్వుతూ. ఆ నవ్వు తెచ్చిపెట్టుకోవడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ఆవిడకే తెలుసు.

ఆ సాయంత్రం టీ తాగేటప్పుడు మరదలు అందరూ వినేలాగే ఇంకో మాట అంది. షెడ్డులో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరి ఇంటి బట్టలు వాళ్ళు ఉతుక్కోరు, పక్కమనిషి తొట్టిలో వేస్తారు. తన మరక తనకు ఆనదని. "ఓటు కూడా అంతే కదా వదినా. నా చీటీ నేను వేసుకోవడం సిగ్గుగా ఉంటుంది. నాది మీకు వేస్తా, మీది నాకు వేయండి. మిగతావాళ్ళు వాళ్ళ ఇష్టం."

బాగుంది, బాగుంది అన్నారందరూ. "అలాగే, మాట," అంది పెద్దక్క. గ్లాసు కింద పెట్టకముందే ఆవిడకు అనుమానం వేసింది. ఇంత తీపిగా అడుగుతోందంటే ఇందులో ఏదో ఉంది.

అనుమానం పెనుభూతమన్నారు. ఆ భూతం మూడు రోజులు పెద్దక్క భుజం మీదే కూర్చుంది.

మొదటిరోజు ఇస్త్రీ గదిలో మరదలు, ఎర్రకోటు ఆవిడ, కళ్ళజోడు తలలు దగ్గరపెట్టి నవ్వుకుంటున్నారు. పెద్దక్క గుమ్మంలోకి రాగానే నవ్వు ఆగిపోయింది. మరదలు ఒక కాగితం మడిచి ఏప్రాన్ జేబులో దోపుకుంది. రెండోరోజు పెద్దక్క వ్యాను దగ్గర తమ్ముణ్ణి పట్టుకుంది. మూటలు వ్యానులో చేరవేసేది అతనే.

"ఏరా, మీ ఆవిడ ఏమంటోంది?"

"నన్ను మధ్యలోకి లాగకక్కా," అన్నాడతను తాడు బిగిస్తూ.

మధ్యలోకి లాగొద్దన్నాడంటే మధ్యలో ఏదో ఉన్నట్టేగా! వాడు పుట్టినప్పటినుంచీ ఇంతే, అబద్ధం చెప్పాల్సి వస్తే తాళ్ళు బిగిస్తాడు. నిజం చెప్పాల్సి వచ్చినా తాళ్ళే బిగిస్తాడన్న సంగతి పెద్దక్కకు ఆ క్షణాన తట్టలేదు.

మూడోరోజు మధ్యాహ్నం మరదలు అన్నానికి వెళ్ళినప్పుడు, కొక్కేనికి వేలాడుతున్న ఏప్రాన్ జేబులో పెద్దక్క చెయ్యి పెట్టింది. తప్పని తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. కాగితం మీద మన అక్షరాలతోనే రాసి ఉంది కానీ మాటలు మనవి కావు. పైకి చదివితే ఎవరినో శపిస్తున్నట్టుంది. చివరి వరుస కింద మాత్రం రెండు గీతలు గీసి ఉన్నాయి. పెద్దక్క దాన్ని బట్టీ పట్టి, కాగితం ఉన్నచోటే పెట్టి, ఏమీ ఎరగనట్టు కళ్ళజోడు దగ్గరకు వెళ్ళి ఆ మాటకు అర్థం అడిగింది.

"అదా? 'నాకూ చెప్పాల్సింది ఉంది' అని," అంది కళ్ళజోడు. "బాగా పలికారే!"

ఏం చెప్పాలట? ఎవరి మీద చెప్పాలట? పద్నాలుగేళ్ళు మూసుకున్న నోరు పరాయి భాషలో తెరుస్తోందంటే, అది తన మీద చాడీ కాక ఇంకేమవుతుంది? నియమాల పేరుతో అందరినీ కాల్చుకు తింటుందని చెప్తుందేమో. షెడ్డు తనొక్కదానిది అనుకుంటుందని చెప్తుందేమో. ఆ మాటలు తన మనసులోకి అంత త్వరగా ఎలా వచ్చాయో పెద్దక్క ఆలోచించలేదు. ఇలాంటిది మాట మీద నిలబడుతుందా? చస్తే నిలబడదు. తన చీటీ తనే వేసుకుని, వదిన చీటీ కూడా వేయించుకుని, రెండు చేతులా గెలుస్తుంది. మరి తానొక్కతే పిచ్చిదానిలా మాట నిలబెట్టుకోవాలా?

ఎన్నికరోజు ఇస్త్రీ బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, మీద చెక్కపెట్టె పెట్టారు. నగర కార్యాలయం నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. చదువు రానివాళ్ళ కోసం చీటీల మీద బొమ్మలు వేశారు. తొట్టి బొమ్మ పెద్దక్కది, ఇస్త్రీపెట్టె బొమ్మ మరదలిది. తెర వెనక్కి వెళ్ళి, ఇష్టమైన బొమ్మ పక్కన గీత పెట్టి, ఎవరికీ కనిపించకుండా మడిచి పెట్టెలో వేయాలి.

మడిచి అనే మాట వినగానే పెద్దక్క కళ్ళు మెరిశాయి. ఈ పెద్దచదువుల వాళ్ళకు తెలియదు పాపం! ఇరవై మూడు చీటీలూ తన ఎదురుగా కుప్ప పోస్తే, తెరవకముందే ఏది ఎవరిదో తను చెప్పగలదు. మరదలి మోసం తన కళ్ళతో తనే చూస్తుంది. అంత సంతోషంలో తెర వెనక్కి వెళ్ళి, తొట్టి బొమ్మ పక్కన గీత పెట్టింది. మాట తప్పుతున్నానని తెలుసు. తెలిసే చీటీ మడిచి, పెట్టెలో వేసి వచ్చి కూర్చుంది.

పెట్టె బోర్లించారు. చీటీలు తెల్ల దుప్పటి మీద కుప్పగా పడ్డాయి. అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దం గౌరవమనుకుని ఎర్రకోటు ఆవిడ కూడా చేతులు కట్టుకుని నిలబడింది. కానీ పెద్దక్క తలెత్తి చుట్టూ చూసింది. అందరూ ఆ కుప్పనే చూస్తున్నారు. అందరూ! పక్కపక్కన నిలబడి పదకొండేళ్ళు మడతలు పెట్టినవాళ్ళు. తనొక్కదానికే కళ్ళున్నాయని ఎలా అనుకుంది?

కుప్ప అంచున ఒక చీటీ ఉంది. నిలువుగా మూడు మడతలు, ఒక మూల లోపలికి దోపి ఉంది. వ్యాను కుదుపులకు గలేబులు విడిపోకుండా పెద్దక్క తనే కనిపెట్టిన మడత అది. ఇరవై రెండు మంది చీటీల కోసం కాచుకుని కూర్చున్న మనిషికి, తన చేతులు ఏం చేస్తున్నాయో చూసుకోవాలని తోచలేదు.

గుమాస్తా ఒక్కొక్కటీ విప్పి, అందరికీ చూపించి, పైకి చదవడం మొదలుపెట్టాడు. తొట్టి. తొట్టి. ఇస్త్రీపెట్టె. నీలిమందు కలిపే ముసలమ్మ చీటీ విప్పితే ఇస్త్రీపెట్టె వచ్చింది. ఆవిడ తలదించుకుని గోళ్ళు చూసుకుంది. తరువాత అంచులు కలవని బద్ధకపు మడత ఒకటి. అది పెద్దక్క సొంత చెల్లెలిది, చిన్నప్పటినుంచీ పుస్తకాల అట్టలు కూడా అలాగే వేసేది. ఇస్త్రీపెట్టె.

"నువ్వు కూడానా?" అంది పెద్దక్క పక్కకు తిరిగి, పెదవులు కదలకుండా.

"చేతులెత్తమంటే ఎప్పుడూ నీ వైపే ఎత్తాను కదక్కా," అంది చెల్లెలు. "నువ్వు చూస్తుంటావు కాబట్టి ఎత్తాను. ఇవాళ చూడవనుకున్నాను."

పెద్దక్కకు చెంప మీద కొట్టినట్టయింది. ఎంతమంది అలా ఎత్తారో ఇన్నాళ్ళూ?

గుమాస్తా మూల దోపిన చీటీ తీసుకున్నాడు. దోపిన మూల తేలిగ్గా రాలేదు, గోటితో లాగాడు. "తొట్టి!" అన్నాడు హుషారుగా. షెడ్డులో ఎవరో శ్వాస లోపలికి పీల్చిన చప్పుడు వినిపించింది. ఎవరూ పెద్దక్క వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత నయంగా ఉండేది.

ఇంకో మూడు చీటీల తరువాత మరదలి మడత వచ్చింది. సగానికి సగం, మళ్ళీ సగానికి సగం, అంచు మీద గోటితో నొక్కిన గీత. గుమాస్తా విప్పాడు.

"తొట్టి."

పన్నెండు తొట్లు, పదకొండు ఇస్త్రీపెట్టెలు. ఎర్రకోటు ఆవిడ చప్పట్లు కొట్టింది, గుమాస్తా కొట్టాడు, కళ్ళజోడు కొట్టింది. షెడ్డు వాళ్ళు కూడా కొట్టారు, తడిబట్ట బండమీద వేసినట్టు, రెండే రెండు సార్లు. చిన్నపిల్లలు చేసే లెక్కే అది. మాట నిలబెట్టుకుని ఉంటే పన్నెండు అటు ఉండేవి.

పెద్దక్కను ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ లేచి, ఇస్త్రీ బల్లల మధ్య నుంచి నడుస్తూ మరదలి దగ్గర ఆగింది.

"నువ్వు నాకు వేశావు."

"మాటిచ్చాను కదా వదినా."

"నేను వేయలేదు."

"చూశాను," అంది మరదలు.

"మరి ఆ కాగితం? 'నాకూ చెప్పాల్సింది ఉంది' అని..."

మరదలు ఆశ్చర్యంగా చూసింది. కాగితం సంగతి వదినకు ఎలా తెలిసిందో ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. కానీ అడగలేదు. "గెలిస్తే ఆ రెండు దేశాల్లోనూ వాళ్ళ భాషలో మాట్లాడాలి కదా. ఆసుపత్రుల సంగతి చెప్పాలి. నాకూ ఆశ ఉంది వదినా. లేదని నేనెప్పుడూ చెప్పలేదు."

మిగిలిన పది అడుగులూ నడిచి పెద్దక్క బల్ల దగ్గరకు చేరింది. కుర్చీ అక్కడే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఒక్క మాట, "అందరికీ ధన్యవాదాలు" అంటే చాలు, ఇరవై రెండు నోళ్ళూ మూసుకునే ఉంటాయి. ఇన్నేళ్ళూ మూసుకున్నట్టే. ఆ సంగతే ఆవిడను భయపెట్టింది.

"ఇది చెల్లదు," అంది పెద్దక్క.

గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. "లెక్క సరిపోయిందమ్మా. రెండుసార్లు చూశాను."

"ఇది రహస్య ఓటు కాదు బాబూ. చీటీల మీద పేర్లున్నాయి."

"ఒక్క పేరూ లేదే!"

పెద్దక్క కుప్పలోంచి తన చీటీ ఒక్కటే తీసింది. మిగతావాటి జోలికి పోలేదు. పాత గీతల మీదే నిలువుగా మూడు మడతలు పెట్టి, మూల దోపి, వెనక అరలోంచి అలాగే మడిచిన దిండు గలేబు ఒకటి లాగి పక్కన పెట్టింది. "ఇది నాది. మా మరదలికి వేస్తానని అందరి ముందూ మాటిచ్చి, నాకే వేసుకున్నాను. ఆ సంగతి మీ ముగ్గురికి తప్ప ఇక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పరు. నేనంటే భయం."

కళ్ళజోడు ఈసారి ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పినట్టుంది, చాలాసేపు పట్టింది. ఎర్రకోటు ఆవిడ గలేబు చూసింది, చీటీ చూసింది. తరువాత గోడ పొడవునా అరల్లో పేర్చిన బట్టల దొంతరలు చూసింది. ఒక్కో దొంతర ఒక్కో తీరు. ఆవిడ మొహం పాలిపోయింది. తలపట్టుకుని ఏదో అంది.

"తప్పు తనదే అంటున్నారు," అంది కళ్ళజోడు. "మడవమని చెప్పింది తనే కాబట్టి."

"ఆవిడకేం తెలుసు పాపం. నియమం పెట్టింది నేను," అంది పెద్దక్క. "మళ్ళీ వేద్దాం. మడవకుండా, బోర్లించి వేద్దాం. ఈసారి నాకెవరూ వేయకండి. అడుగుతున్నాను. మీ నోరు నేను మూయించి, మీ తరఫున అక్కడ నా నోరు తెరిస్తే ఏం ప్రయోజనం?"

మడవని చీటీలు పట్టేలా గుమాస్తా కత్తి తీసుకుని పెట్టె సందును వెడల్పు చేశాడు. ఇరవై మూడు మంది మళ్ళీ తెర వెనక్కి వెళ్ళి వచ్చారు. ఈసారి పెద్దక్క ఇస్త్రీపెట్టె పక్కన గీత పెట్టింది. చీటీలు చదునుగా, ఒకదానిలాగే ఒకటి, దొంతరగా బయటికి వచ్చాయి. వాటిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

ఇరవై రెండు ఇస్త్రీపెట్టెలు. ఒక తొట్టి.

ఈసారి చప్పట్లు గోడలదాకా వెళ్ళాయి. నీలిమందు ముసలమ్మ ఈల కూడా వేసింది, ఆ విద్య ఆవిడకుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎర్రకోటు ఆవిడ మరదలి చేతులు రెండూ పట్టుకుని ఊపుతుంటే పెద్దక్క దూరంగా నిలబడి చూసింది. అందరూ కాస్త తగ్గాక మరదలు తనే దగ్గరకొచ్చింది.

"ఆ ఒక్క చీటీ నీదే కదూ?" అంది పెద్దక్క. "వద్దన్నాను కదే. నీ గెలుపుకు నువ్వే అడ్డం వేసుకుంటావా?"

"మాటిచ్చాను. ఒక్కసారికేనని మనం అనుకోలేదుగా."

"మొదటిసారి నేను నీకు వేయనని ముందే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మీ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళయింది," అంది మరదలు. గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "మీరు ఎవరినైనా నమ్మడం నేను ఒక్కసారి కూడా చూడలేదు వదినా."

తిడితే బాగుండునని పెద్దక్కకు అనిపించింది. తిడితే జవాబుండేది. మరదల్ని ఎవరో పిలిచారు, ఫొటోకు రమ్మని, ఆమె వెళ్ళిపోయింది. పెద్దక్క చాలాసేపు ఆ మాటకు జవాబు వెతుక్కుంది. పద్నాలుగేళ్ళలో ఒక్క రోజైనా, ఒక్క మనిషినైనా గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఎవరూ గుర్తు రాలేదు. అప్పుడు ఆవిడకు ఏడుపొచ్చింది.